ట్రయల్ వెర్షన్ యాక్టివేషన్ తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొనేముందు ఓసారి వాడి చూద్దామని ట్రయల్ దించుకుంటాం. ఇన్‌స్టాల్ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, యాక్టివేషన్ దగ్గర మాత్రం సాయంత్రమంతా గడిచిపోతుంది. అలాంటి సాయంత్రాలు నాకు చాలానే పోయాయి. తెలిసినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు, వాళ్లకు నేను చెప్పే జవాబులు ఇవి.

ఉచితంగా ఇచ్చే ట్రయల్‌కి కూడా యాక్టివేషన్ ఎందుకు?

ఉచితం కాబట్టే. అమ్ముడైన కాపీకి డబ్బు ముట్టింది, ట్రయల్ కాపీకి ఇంకా ముట్టలేదు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పటికి ఆపాలి అన్నది ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి కదా. ఆ రాసిపెట్టుకోవడమే యాక్టివేషన్.

మొదట్లో ఈ లెక్కలేవీ లేవు. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌ను, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామ్‌ను ఊరికే పంచిపెట్టి, నచ్చితే డబ్బు పంపండి అన్నారు. మరుసటి ఏడాది పీసీ-రైట్‌తో వచ్చిన బాబ్ వాలెస్ 'షేర్‌వేర్' అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. నమ్మకం మీద నడిచిన వ్యాపారం అది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చి, 30 రోజుల్లో యాక్టివేట్ చేయకపోతే కుదరదు అనడంతో ఈ తతంగం మామూలు జనం దాకా వచ్చింది. నెట్ లేనివాళ్లు ఫోన్ చేసి తెర మీద ఉన్న 50 అంకెలు చదివి వినిపించాలి, అవతలివాళ్లు చెప్పే 42 అంకెలు తప్పు లేకుండా కొట్టాలి. ఇప్పటి యాక్టివేషన్‌ను తిట్టుకునేటప్పుడు నేను అది గుర్తు చేసుకుంటాను. కాస్త ఊరటగా ఉంటుంది.

30 రోజులన్నారు. ఇవాళే తెరిచాను, 12 రోజులే మిగిలాయంటోంది. ఇదేం లెక్క?

గడువు ఎప్పుడు మొదలవుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్నింటికి మొదటిసారి తెరిచినప్పుడు, కొన్నింటికి ఇన్‌స్టాల్ చేసినప్పుడు, ఇంకొన్నింటికి వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచిన క్షణం నుంచే మొదలవుతుంది. మూడో రకంతోనే తంటా. ఒక వీడియో ఎడిటర్ విషయంలో నాకు ఇదే జరిగింది. ఆఫర్ మెయిల్ చూసి ఖాతా తెరిచి, ఫైల్ దించి పక్కన పెట్టాను. పని మొదలయ్యాక తీరిగ్గా తెరిస్తే సగానికి పైగా గడువు కరిగిపోయింది. నేను ఒక్క క్లిప్పు కూడా కత్తిరించలేదు.

అప్పటినుంచి చేతిలో పని సిద్ధంగా లేకపోతే 'ట్రయల్ మొదలుపెట్టు' బటన్ జోలికే వెళ్లను. 7 రోజుల ట్రయల్ అయితే మరీ జాగ్రత్త. వాడిన రోజులు కాదు, క్యాలెండర్ రోజులే లెక్క. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి శని, ఆదివారాలు ఏదో పెళ్లికి వెళ్లొస్తే రెండు రోజులు గోవిందా.

కీ సరిగ్గానే కొట్టాను. అయినా 'చెల్లదు' అంటోంది. ఎందుకు?

కీ అంటే యాక్టివేషన్ కోసం కంపెనీ ఇచ్చే అక్షరాలు, అంకెల వరుస. పదిలో తొమ్మిది సార్లు కీ మంచిదే అయ్యుంటుంది, దాని పక్కనో మధ్యలోనో ఏదో చేరి ఉంటుంది. నేను ఓసారి రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాను. మెయిల్‌లోని కీని కాపీ చేసి పేస్ట్ చేస్తున్నాను, అది ఎర్రటి అక్షరాలతో కాదంటోంది. చివరికి విసుగొచ్చి కర్సర్‌ను పెట్టె చివరికి తీసుకెళ్లి చూస్తే, ఆఖరి అక్షరానికీ కర్సర్‌కీ మధ్య సన్నటి ఖాళీ. ఒక్క స్పేస్. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే పని అయిపోయింది.

అందుకే కీని ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. వెనకా ముందూ ఖాళీలు, కొత్త లైన్లు తీసేయండి. మధ్యలోని గీతలు కూడా గమనించండి. కీని వర్డ్ డాక్యుమెంట్‌లోనో చాట్‌లోనో దాచుకుంటే, ఆ ప్రోగ్రామ్‌లు చిన్న గీతను పొడుగు గీతగా మార్చేస్తుంటాయి. కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రామ్‌కి మాత్రం కాదు. గీతలన్నీ చెరిపి మీ చేత్తో మళ్లీ కొట్టండి.

చేత్తో కొట్టేవాళ్లకు పెద్ద శత్రువులు ఇంగ్లిష్ 'ఓ' అక్షరం, సున్నా. ఆ తర్వాత ఐ, ఎల్, ఒకటి. విండోస్ కీలో ఈ గొడవ ఉండదు. అందులోని 25 స్థానాల్లో అచ్చులే రావు, సున్నా, ఒకటి కూడా రావు. కాబట్టి అక్కడ గుండ్రంగా సున్నాలా కనిపిస్తే అది క్యూ అయ్యుండొచ్చు, డీ అయ్యుండొచ్చు. బీ, 8 మాత్రం రెండూ ఉంటాయి, స్టిక్కర్ మీది కీ అరిగిపోతే అక్కడే పొరపాటు పడతాం. మిగతా కంపెనీలన్నీ ఇంత ఆలోచించవు.

ఇంకోటి, కీబోర్డు తెలుగులో ఉండిపోయిందేమో చూసుకోండి. చుక్కలు మాత్రమే కనిపించే పాస్‌వర్డ్ పెట్టెలో ఏ భాషలో కొడుతున్నామో మనకే తెలియదు.

ఇవన్నీ చూశాక కూడా కాదంటే, కీ వేరే ఎడిషన్‌దో వేరే వెర్షన్‌దో అయ్యుంటుంది. స్టాండర్డ్ కీ ప్రొఫెషనల్ ఇన్‌స్టాలర్‌కి సరిపోదు. పోయినేడాది వెర్షన్ కీ ఈ ఏడాది వెర్షన్‌కి పనిచేయకపోవచ్చు. 'ఎడిషన్ సరిపోలేదు' అని చెప్పాల్సింది పోయి 'కీ చెల్లదు' అని ముక్తసరిగా చెప్పే ప్రోగ్రామ్‌ల మీద నాకు మహా కోపం.

'సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయాం' అంటోంది. బ్రౌజర్‌లో నెట్ బాగానే వస్తోందే?

బ్రౌజర్ వెళ్లే దారి వేరు, ఈ ప్రోగ్రామ్ వెళ్లే దారి వేరు. అందుకే బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకోవడం ఇక్కడ రుజువు కింద లెక్కకు రాదు. నేను చూసే వరుస చెబుతాను.

అన్నిటికంటే ముందు గడియారం. తేదీ, సమయం, టైమ్ జోన్ మూడూ చూడండి. సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడాలంటే దాని సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) చెల్లుబాటు తేదీలను మీ కంప్యూటర్ తన గడియారంతో సరిచూసుకుంటుంది. మీ గడియారం ఏళ్లు వెనకబడి ఉంటే, మంచి సర్టిఫికెట్ కూడా 'ఇంకా పుట్టనే లేదు' అన్నట్టు కనిపిస్తుంది. పాత డెస్క్‌టాప్‌లో ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ పాతకాలానికి పోతుంటే, మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే బ్యాటరీ అయిపోయిందని అర్థం. ఎక్కువ వాటిలో అది సీఆర్2032. అది మార్చకుండా ఎన్నిసార్లు యాక్టివేట్ చేసినా మొదటికే వస్తుంది.

తర్వాత వీపీఎన్, అంటే మీ నెట్‌ను వేరే దారి మళ్లించే ప్రోగ్రామ్. దాన్ని ఆపి ప్రయత్నించండి. ఆఫీసు నెట్ అయితే రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ గానీ, మధ్యవర్తిలా ఉండే ప్రాక్సీ గానీ అడ్డు పడుతుండొచ్చు. అది తేల్చుకోవడానికి సులువైన దారి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక్కసారి ప్రయత్నించడం. అక్కడ అయిపోతే తప్పు నెట్‌వర్క్‌ది, మీ కంప్యూటర్‌ది కాదు.

అక్కడా కాకపోతే హోస్ట్స్ ఫైల్ చూడండి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లు దాటి వెళ్తే ఎక్స్‌టెన్షన్ లేకుండా హోస్ట్స్ అన్న ఫైల్ ఉంటుంది. ఫలానా సైట్ అడ్రస్ ఫలానా అని కంప్యూటర్‌కి చెప్పే చీటీ అది. ఎప్పుడో ఎవరో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా వాడటానికి, యాక్టివేషన్ సర్వర్ పేరుకు ఎదురుగా మీ కంప్యూటర్ సొంత అడ్రస్ 127.0.0.1 రాసిపెట్టి ఉంటారు. దాంతో ప్రోగ్రామ్ సర్వర్‌ను పిలిచిన ప్రతిసారీ తన తలుపే తాను తట్టుకుంటుంది. ఇప్పుడు మీరు నిజాయితీగా ట్రయల్ వేసుకున్నా ఆ చీటీ మిమ్మల్ని వెళ్లనివ్వదు. ముందు వేరేవాళ్లు వాడిన కంప్యూటర్లలో ఇది నాకు ఎన్నోసార్లు కనిపించింది. ఆ లైన్లు తీసేసి, ఫైల్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో సేవ్ చేసి, రీస్టార్ట్ చేయండి.

బాగా పాత ఆపరేటింగ్ సిస్టమ్ అయితే అసలు కారణం అదే కావచ్చు. ఇప్పటి సర్వర్లు కనీసం టీఎల్‌ఎస్ 1.2 (సురక్షితంగా మాట్లాడుకునే పద్ధతి) లేనిదే మాట్లాడవు. అప్‌డేట్‌లు వేయని విండోస్ 7లో ఆ భాషే సరిగ్గా రాదు.

చివరగా, నిజంగానే సర్వర్ పడిపోయి ఉండొచ్చు. అసలు తీసేసి కూడా ఉండొచ్చు. 2005లో వచ్చిన అడోబీ క్రియేటివ్ సూట్ 2 యాక్టివేషన్ సర్వర్లను ఆ కంపెనీ తర్వాత ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు మళ్లీ యాక్టివేట్ చేసుకునే దారి లేక, వాళ్ల కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీని, సీరియల్ నంబర్లతో సహా, కంపెనీయే ఇవ్వాల్సి వచ్చింది.

గడియారం వెనక్కి తిప్పితే గడువు పెరుగుతుందా?

పెరగదు. కిందటిసారి ఎప్పుడు తెరిచారో ప్రోగ్రామ్ రాసిపెట్టుకుంటుంది. ఇవాళ తేదీ దానికంటే వెనక ఉంటే ఏదో తేడా ఉందని పసిగట్టి, మిగిలిన రోజులు కూడా లాగేసుకునేవి ఉన్నాయి. పైగా పైన చెప్పిన సర్టిఫికెట్ గొడవ మొదలై బ్రౌజర్ కూడా మొరాయిస్తుంది. ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది.

తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే?

ప్రోగ్రామ్ పోతుంది గానీ లెక్కల పుస్తకం పోదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనో, కంటికి కనబడని ఫోల్డర్‌లోనో, కంపెనీ సర్వర్‌లోనో ఆ నమోదు అలాగే ఉంటుంది. దీన్ని ఎంత లోతుకు దాస్తారో చెప్పడానికి ఒక ఉదాహరణ. చాలా కంపెనీలు వాడే ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్స్ వ్యవస్థ, మామూలు ఫైళ్లకు అందని చోట, డిస్క్ మొదట్లో పార్టిషన్లకు ముందుండే ఖాళీ సెక్టార్లలో కూడా రాసేది. లైనక్స్‌ను బూట్ చేసే గ్రబ్ కూడా అక్కడే కూర్చుంటుంది. రెండూ ఒకే చాప కోసం కొట్టుకుని కంప్యూటర్లు బూట్ కాకుండా పోయేవి. చివరికి 'ఫలానా సెక్టార్‌ను ఫ్లెక్స్‌నెట్ ఆక్రమించింది, దాన్ని వదిలేస్తున్నాను' అని గ్రబ్ హెచ్చరిక చూపడం మొదలుపెట్టింది. ఒక ట్రయల్ లెక్క కోసం ఇంత రాద్ధాంతం!

అయితే ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయి ఫైళ్లు పాడైతే మాత్రం మళ్లీ వేయాల్సిందే. అప్పుడు కంట్రోల్ ప్యానెల్ నుంచి కాకుండా, ఆ కంపెనీయే ఇచ్చే క్లీనప్ టూల్ ఉంటే దానితో తీయండి.

ఒక్కసారి కూడా వాడలేదు. 'ఈ కంప్యూటర్‌లో ట్రయల్ ముగిసింది' అంటోంది.

మీరు వాడి ఉండరు, మీ కంప్యూటర్ వాడి ఉంటుంది. మదర్‌బోర్డు, డిస్క్ సీరియల్, నెట్‌వర్క్ కార్డు అడ్రస్ లాంటివి కలిపి ప్రోగ్రామ్ ఒక వేలిముద్ర తయారు చేసుకుంటుంది. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ అయితే పాత యజమాని ట్రయల్ వాడేసి ఉండొచ్చు. ఒకే నమూనా నుంచి కాపీ చేసిన వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) కొన్నిసార్లు ఒకే వేలిముద్రతో కనిపిస్తాయి, వాటిలో ఒకటి ట్రయల్ వాడేస్తే మిగతావాటికి దక్కదు.

దీనికి వ్యతిరేకమైన సమస్య కూడా ఉంది. నిన్నటిదాకా నడిచిన ట్రయల్ ఇవాళ 'కొత్త కంప్యూటర్' అంటుంది. నెట్‌వర్క్ పోర్టు ఉన్న డాక్ (లాప్‌టాప్‌కి అదనపు పోర్టులిచ్చే పెట్టె) పెట్టినా తీసినా, వీపీఎన్ వేసి కొత్త అడాప్టర్ చేరినా, నాసిరకంగా రాసిన ప్రోగ్రామ్ గందరగోళపడుతుంది. ఏ స్థితిలో యాక్టివేట్ చేశారో ఆ స్థితికి తెచ్చి చూడండి. రెండు రకాల్లోనూ ఆఖరి మందు సపోర్ట్ వాళ్లే, వేలిముద్ర నమోదును వాళ్లే చెరపాలి.

యూజర్ పేరు తెలుగులో ఉంటే ఇబ్బందా?

ఉండకూడదు, కానీ అప్పుడప్పుడూ ఉంటుంది. విండోస్ ఖాతాకు తెలుగు పేరు పెడితే యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే తయారవుతుంది. అన్ని భాషల లిపులకూ ఉన్న యూనికోడ్ పద్ధతిని పట్టించుకోని పాత కోడ్ ఆ దారి చదవలేక, లైసెన్స్ ఫైల్ రాయలేక, ఏదో సంబంధం లేని ఎర్రర్ చూపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల పేరుతో ఇంకో ఖాతా తెరిచి అందులో ప్రయత్నించండి. అక్కడ పనిచేస్తే కారణం దొరికినట్టే. ఆ సంగతి కంపెనీకి తప్పకుండా రాయండి. మన లిపి వల్ల వచ్చే తంటాను మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో ఎలా?

ఆఫ్‌లైన్ యాక్టివేషన్ ఉందేమో చూడండి. ప్రోగ్రామ్ ఒక రిక్వెస్ట్ కోడ్ ఇస్తుంది, దాన్ని నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో కంపెనీ పేజీలో పెడితే జవాబు ఫైల్ వస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేయాలి. మధ్యలో ప్రోగ్రామ్ మూసేస్తే కొన్నింటిలో రిక్వెస్ట్ కోడ్ మారిపోతుంది, కాబట్టి తెరిచే ఉంచండి. చాలా కంపెనీలు ఈ సౌకర్యం కొన్నవాళ్లకే ఇస్తాయి, ట్రయల్‌కి ఇవ్వవు.

ట్రయల్‌కి కార్డు నంబర్ ఎందుకు అడుగుతారు? ఇవ్వొచ్చా?

గడువు ముగిసిన రోజు మీరు మర్చిపోతారని వాళ్లకు తెలుసు, అందుకు. కార్డు అడిగే ట్రయల్‌ను నేను ట్రయల్ అనుకోను, మొదటి వారం బిల్లు వేయని చందా అనుకుంటాను. ఇవ్వకూడదని కాదు. ఇస్తే మాత్రం అదే నిమిషం ఫోన్‌లో రిమైండర్ పెట్టండి, ఆఖరి రోజుకు కాదు, రెండు రోజుల ముందుకు. యాపిల్ యాప్ స్టోర్ ద్వారా తీసుకున్న ట్రయల్‌ను గడువుకు కనీసం 24 గంటల ముందు రద్దు చేయాలి. యాప్‌ను డిలీట్ చేస్తే చందా రద్దు కాదు, యాపిల్‌లోనూ గూగుల్ ప్లేలోనూ అంతే. ఇది తెలియక నెలల తరబడి కట్టినవాళ్లున్నారు.

కార్డు ఇవ్వగానే చిన్న మొత్తం పట్టుకున్నట్టు మెసేజ్ వస్తే టెన్షన్ పడొద్దు. కార్డు బతికే ఉందా అని చూసే పరీక్ష అది, మామూలుగా తిరిగి వచ్చేస్తుంది. ప్రీపెయిడ్, వర్చువల్ కార్డులను కొందరు ఒప్పుకోరు. ట్రయల్ మొదలవ్వకపోవడానికి అదీ ఒక కారణం.

ట్రయల్ తర్వాత ఏ ప్లాన్‌లోకి వెళ్తారో చదవడం మరీ ముఖ్యం. 'నెలకు ఇంత' అని ఉన్నంత మాత్రాన నెల ప్లాన్ కాదు, ఏడాది ఒప్పందానికి నెలవారీ వాయిదా అయ్యుండొచ్చు. మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. ఇలాంటి ప్లాన్‌లో ఆ రుసుము సంగతి సరిగ్గా చెప్పకుండా దాచారన్న ఆరోపణతోనే అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద కోర్టుకెక్కింది.

డబ్బు కట్టేశాను. ఇంకా 'ట్రయల్' అనే చూపిస్తోంది!

ముందు మెయిల్ ఐడీ చూడండి. ట్రయల్ ఒక మెయిల్‌తో, కొనుగోలు ఇంకో మెయిల్‌తో చేయడం అందరూ చేసే పొరపాటే. గూగుల్ లాగిన్ బటన్‌తో ఒకసారి, పాస్‌వర్డ్‌తో ఇంకోసారి వెళ్లినా రెండు ఖాతాలు తయారై కూర్చోవచ్చు. ప్రోగ్రామ్‌లో సైన్ అవుట్ చేసి, రసీదు ఏ మెయిల్‌కి వచ్చిందో దానితోనే సైన్ ఇన్ చేయండి.

యాప్ స్టోర్‌లో కొన్న లైసెన్స్, వెబ్‌సైట్ నుంచి దించుకున్న కాపీకి వర్తించకపోవచ్చు. కొన్నింటికి ట్రయల్ ఇన్‌స్టాలరే వేరు. 90 రోజుల విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్‌ను (ట్రయల్ కాపీని) కీ కొట్టి అసలు కాపీగా మార్చుకోలేం, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. 180 రోజుల విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్‌ను మాత్రం చాలావరకు ఉన్నచోటే మార్చుకోవచ్చు. ఒకే కంపెనీ, రెండు రకాల న్యాయం.

గడువు ముగిశాక నా ఫైళ్లు ఏమవుతాయి?

ఫైళ్లు మీ డిస్క్‌లోనే ఉంటాయి, తెరిచే దిక్కు ఉండదు. ఇది ట్రయల్ మొదలుపెట్టే ముందే తెలుసుకోవాలి. పాటలు కట్టే ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌కి రోజుల గడువే లేదు, ప్రాజెక్టు సేవ్ చేసుకోవచ్చు, కానీ సేవ్ చేసినదాన్ని కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు. తెలియకుండా రాత్రంతా పాట కట్టి పడుకున్నవాళ్లకు పొద్దున్నే చుక్కలు కనిపిస్తాయి. కొన్ని వీడియో ప్రోగ్రామ్‌లు బొమ్మ మధ్యలో వాటర్‌మార్క్ వేస్తాయి. కాబట్టి మొదటి రోజే ఒక చిన్న ఫైల్ చేసి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి, అందరికీ తెరుచుకునే ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి.

ఇంత గోల ఎందుకు, క్రాక్ వేసుకుంటే పోలా?

వద్దు. క్రాక్ అంటే యాక్టివేషన్‌ను దొంగదారిలో దాటించే ఫైల్. చట్టం మాట అటుంచండి. యాంటీవైరస్ ఆపి, తెలియనివాళ్ల ఫైల్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇస్తేనే క్రాక్ నడుస్తుంది. దొంగకు తాళంచెవి ఇచ్చి కుక్కను కట్టేసినట్టు. విండోస్ యాక్టివేట్ చేస్తానంటూ తిరిగే కేఎమ్‌ఎస్‌పీకో నకిలీ ఇన్‌స్టాలర్లలో పాస్‌వర్డ్‌లు దోచే క్రిప్ట్‌బాట్ ఉన్నట్టు 2021లో బయటపడింది.

ఫైళ్లను కుదించే విన్‌రార్ గడువు దాటినా నడుస్తూనే ఉంటుందే?

అవును, 40 రోజుల తర్వాత కొనమని గుర్తుచేసే పెట్టె వస్తుంది, మూసేస్తే పని జరుగుతుంది. ఆడియో రికార్డింగ్‌కి వాడే రీపర్ కూడా 60 రోజుల తర్వాత అంతే, కోడ్ రాసుకునే సబ్లైమ్ టెక్స్ట్ గడువే పెట్టదు. నడుస్తోంది కదా అని లైసెన్స్ అక్కర్లేదనుకోవద్దు, గడువు తర్వాత కొనాలన్నదే షరతు. ఈ పద్ధతి నాకిష్టం. రీపర్‌ను నేను కొన్నది అది నన్ను సతాయించనందుకే.

సపోర్ట్‌కి ఎలా రాయాలి?

'యాక్టివేట్ అవ్వట్లేదు, అర్జెంట్' అని రాస్తే 'రీస్టార్ట్ చేసి చూడండి' అని జవాబొస్తుంది. ఇలా రాయండి:

"వెర్షన్ 4.2, విండోస్ 11. ఖాతా ఈ మెయిల్‌దే. మంగళవారం సాయంత్రం 6:40కి ట్రయల్ బటన్ నొక్కితే ఎర్రర్ 148 వచ్చింది. గడియారం సరిగ్గా ఉంది. వీపీఎన్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీదా అదే ఎర్రర్. హోస్ట్స్ ఫైల్‌లో మీ సర్వర్ పేరు లేదు. స్క్రీన్‌షాట్ జతచేశాను."

ఇది చదివినవాళ్లకు అడగడానికి ప్రశ్నలు మిగలవు, నేరుగా మీ నమోదు తెరిచి చూడాల్సిందే. కీ మొత్తం ఎక్కడా రాయొద్దు, చివరి నాలుగైదు అక్షరాలు చాలు.

గడువు పొడిగించమంటే ఇస్తారా?

చాలాసార్లు ఇస్తారు. వ్యాపార సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మరీ సులువుగా ఇస్తారు, కొనే ఆలోచన ఉన్నవాణ్ని పోగొట్టుకోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు. ముగిశాక కాకుండా ముగియకముందే అడగండి. ఏం చూశారో, ఇంకా ఏం చూడాల్సి ఉందో రెండు ముక్కల్లో చెప్పండి. యాక్టివేషన్ గొడవలోనే రోజులు పోయి ఉంటే ఆ తేదీలు రాయండి.

నా 12 రోజుల వీడియో ఎడిటర్ వాళ్లకు అలాగే రాశాను. మూడో రోజు జవాబొచ్చింది, ఇంకో రెండు వారాలకు కొత్త కీ ఇచ్చారు. మెయిల్ నుంచి కాపీ చేశాను, నోట్‌ప్యాడ్‌లో వేసి చూశాను. చివర్లో మళ్లీ అదే స్పేస్.